ఆరోగ్యవంతుల డిష్

"చదివే పనేం లేదు. కింద సంతకం పెట్టు, చాలు," అంటూ పెద్దాయన కాగితాన్ని బల్ల మీదుగా ఇటు తోశాడు.

కాగితం ఆమె మోచేతికి తగిలి ఆగింది. చదవొద్దన్న కాగితాన్ని చదవకుండా ఉండే రకం కాదు ఆమె. కళ్ళజోడు సర్దుకుని నింపాదిగా చదివింది. మూడు వాక్యాలే. రెండో నంబరు ఆరోగ్యవంతుడి కణాల మీద రంగును ఉంచాల్సిన దానికంటే ఎక్కువసేపు ఉంచాననీ, అందుచేత ఆ డిష్‌లన్నీ పాడయ్యాయనీ, ఆ పొరపాటు పూర్తిగా నాదేననీ ఉంది. కింద ఒక గీత, గీత కింద ఆమె ఉద్యోగం పేరు. టెక్నీషియన్.

"నేను ఎక్కువసేపు ఉంచలేదు సార్," అంది.

"అరగంట ఉంచానంటావు. నీ అరగంట ముప్పై నిమిషాలో, మూడు గంటలో ఎవరికి తెలుసు?"

"గడియారానికి తెలుసు సార్. ప్రతి డిష్‌కీ పెట్టిన టైం, తీసిన టైం పుస్తకంలో రాశాను."

"రాయడానికేం, ఎవరైనా రాస్తారు!"

ఆ కేక అద్దాల తలుపు దాటి, వరండా దాటి, కాఫీ మెషీన్ దగ్గర నిలబడ్డ ఇద్దరి చేతుల్లో కప్పులు ఆగేలా చేసింది. లాబ్‌లో అందరూ వెనకాల ఆయన్ని ‘ఉరుము’ అంటారు. ఆమెకూ పేరుంది, పిపెట్టమ్మ. పంతొమ్మిదేళ్ళుగా పిపెట్ పట్టుకున్న చెయ్యి కదా, ఇంకే పేరు పెడతారు. ఉరుము పక్కన కుర్చీలో తలొంచుకుని గోళ్ళు చూసుకుంటున్న పరిశోధకురాలి పేరు ‘మొదటిపేరు’. శుక్రవారం పత్రికకు పంపాల్సిన వ్యాసంలో మొదటి పేరు ఆ పిల్లదే మరి. నాలుగేళ్ళ కష్టం. ఆ నాలుగేళ్ళలో ఒక్క రెండో నంబరే అడ్డం పడింది.

"నలుగురు ఆరోగ్యవంతుల్లో ముగ్గురివి చక్కగా వచ్చాయి," అన్నాడు పెద్దాయన వేళ్ళు మడుస్తూ. "ఒక్కడివి మాత్రం రోగి కణాల్లా కాల్షియం కారుస్తున్నాయట! ఎలా కారుస్తాయి? ఆ నలుగురూ గుండ్రాళ్ళలాంటి మనుషులు. ఫారాలు నింపించింది నేనే. ఆ కాగితం మీద నీ సంతకం ఉంటే ఆ డిష్‌లు లెక్కలోంచి తీసేస్తాం. ఎవరికీ నష్టం లేదు."

"నాకు నష్టం సార్."

ఆయన ఆమెను కొత్తగా చూసినట్టు చూశాడు. మెడ మీద నరం ఉబ్బింది.

"సరే. రేపు నా కళ్ళ ముందు చెయ్యి. చూస్తాను నీ చేతి మహిమ."

ఆమె కాగితాన్ని వచ్చిన దారినే, అదే వేగంతో వెనక్కి తోసి లేచింది.

కాల్షియం అనగానే అందరికీ పాలూ ఎముకలూ గుర్తొస్తాయి. ఆమె పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్న కాల్షియం వేరు. ప్రతి గుండె కణంలోనూ దానికొక గాదె ఉంటుంది. గుండె కొట్టుకోవాల్సిన క్షణాన గాదె తలుపులు తెరుచుకుంటాయి. కాల్షియం బయటికి దూకుతుంది, కణం ముడుచుకుంటుంది. మరుక్షణం పంపులు దాన్ని మళ్ళీ గాదెలోకి తోడిపోస్తాయి, తలుపులు మూసుకుంటాయి, కణం సడలుతుంది. నిమిషానికి డెబ్బైసార్లు ఈ హడావిడంతా జరిగిపోతున్నా మనిషికి తెలియను కూడా తెలియదు. కొందరికి పుట్టుకతోనే ఆ తలుపు గొళ్ళెం వదులు. స్థిమితంగా ఉన్నంతసేపు ఏ బాధా లేదు. పరుగెత్తినా, ఈత కొట్టినా, భయపడినా, ఒళ్ళు తెలియని కోపం వచ్చినా ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది. గాదె నిండిపోతుంది. వదులు తలుపు సందులోంచి కాల్షియం వేళకాని వేళ కారిపోతుంది, గుండె లయ తప్పుతుంది. ఒక్కోసారి మనిషి నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోతాడు. చుట్టూ ఉన్నవాళ్ళు "ఇప్పటిదాకా బాగానే ఉన్నాడండీ" అని చెప్పుకుని ఏడుస్తారు. నిజమే, ఇప్పటిదాకా బాగానే ఉంటాడు.

మంగళవారం ఉదయం ఆమె చీకటిగదిలోకి వెళ్ళేసరికి తను కూర్చునే స్టూలు లేదు. రోజూ మైక్రోస్కోపు ముందు ఉండే స్టూలు. ఎవరు తీశారో అడిగితే ఎవరూ చెప్పలేదు. అందరూ ఒక్కసారిగా పనిమంతులైపోయి తెరల్లోకి తలలు దూర్చారు. నిన్నటిదాకా "అక్కా, ఇది ఎంత కలపాలి, అక్కా, అది ఎక్కడుంది" అని వెంటపడ్డ నోళ్ళే అవి. సరే, నిలబడే చేద్దామనుకుంది.

గదిలో ఎర్రదీపం ఒక్కటే వెలుగుతోంది. వెలుతురు తగిలితే రంగు చచ్చిపోతుంది కాబట్టి చీకటి కావాలి. వెచ్చటి పెట్టెలోంచి రెండో నంబరు డిష్ తీసింది. అరచేతిలో ఇమిడే గాజు గిన్నె, అడుగున కంటికి కనిపించని పొరగా గుండె కణాలు. ఎవరో ఇచ్చిన రక్తంలోంచి తీసి, మూడు నెలలు సాకి, గుండె కణాలుగా మార్చినవి. ఎవరి ఒంట్లోనూ లేకపోయినా వాటి పాటికి అవి కొట్టుకుంటూనే ఉంటాయి. ఆమెకు ఇన్నేళ్ళయినా ఆ సంగతి మామూలైపోలేదు.

పిపెట్‌తో రంగునీళ్ళు పీల్చి, డిష్ గోడకు ఆనించి, చుక్కచుక్కగా జార్చింది. కణాల నెత్తిన పోస్తే ఊడి తేలిపోతాయి. గోడవెంట జారిస్తే వాటికి తెలియకుండానే చుట్టూ చేరుతుంది. బొటనవేలు నొక్కే ఒత్తిడిలో ఉంది పనంతా. ఆ ఒత్తిడి ఆమె ఎంతమందికి నేర్పిందో లెక్క లేదు. అలా నేర్చుకున్నవాళ్ళలో ఇవాళ స్టూలు తీసి దాచినవాళ్ళు కూడా ఉంటారు.

పెద్దాయన వీపు వెనక నిలబడ్డాడు, చేతిలో గడియారం. ఆయన ఊపిరి ఆమె జుట్టుకు తగులుతోంది.

"చెయ్యి వణుకుతోంది."

"వణకట్లేదు సార్."

"ఎదురు చెప్పకు! వణుకుతోందంటే వణుకుతోంది. వయసైపోయిన చేతులు పెట్టుకుని ఇక్కడెందుకు, ఇంట్లో కూర్చోవచ్చుగా?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నలభై ఏడేళ్ళకే చేతులకు వయసైపోతుందా? ఆయనకంటే ఏడేళ్ళు చిన్నది తను. పళ్ళు బిగబట్టి, ఊపిరి బిగబట్టి మిగతా చుక్కలు జార్చింది. అరగంటకు ఆయన గడియారమే కూసింది. రంగు కడిగింది, డిష్‌ను మైక్రోస్కోపు కింద పెట్టింది, బొత్తాం నొక్కింది.

కాల్షియం ఉన్నచోటల్లా రంగు మెరిసి, తెర మీద ఆకుపచ్చ పట్టీలు కదలసాగాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక పట్టీ, మధ్యలో నల్లటి ఖాళీ. పట్టీ, ఖాళీ, పట్టీ, ఖాళీ. ఆ నల్లటి ఖాళీలోనే ఉంటుంది ఆరోగ్యం. గాదె తలుపు గట్టిగా మూసుకుంటేనే అది నల్లగా ఉంటుంది.

"చూశావా! శుభ్రంగా ఉంది!" అన్నాడు పెద్దాయన.

"ఇంకా అడ్రినలిన్ వెయ్యలేదు సార్."

ఒక్క చుక్క, గోడవెంట. పది సెకన్లు. పట్టీలు దగ్గరదగ్గరగా జరిగాయి, గుండె వేగం పెరిగితే జరగాల్సిందే అది. ఆ తర్వాత నల్లటి ఖాళీల్లో చుక్కలు మొదలయ్యాయి. ఒకటి, మూడు, ఏడు, మిణుకు మిణుకుమంటూ. కంప్యూటరు లెక్కపెడుతూనే ఉంటుంది గానీ ఆమె ఎడమచేతిలోని బొత్తాం యంత్రంతో తనూ లెక్కపెడుతుంది. టిక్కు టిక్కుమంటూ నిమిషం గడిచింది. నలభై ఒకటి. మామూలు మనిషికి రెండో మూడో వస్తాయి.

ఎర్రదీపం వెలుగులో పెద్దాయన ముఖం చిట్లించాడు.

"నీళ్ళు తప్పు కలిపావు."

"అవే నీళ్ళతో నిన్న ఒకటో నంబరు కూడా చేశాను సార్. మూడు చుక్కలే వచ్చాయి."

"అయితే డిష్‌లు మార్చేశావు! ఆరోగ్యవంతుడి బదులు రోగిది పెట్టావు!"

"మీరు వెనకాలే ఉన్నారు కదా సార్."

ఆయన అరిచిన అరుపుకు ట్రేలో గాజు పుల్లలు గలగలమన్నాయి. ఏం అరిచాడో తర్వాత ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. తిండి దండగ అన్న మాట మాత్రం వరండాలో ఉన్నవాళ్ళకు కూడా వినిపించింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి ఆమె భర్త కుట్టుమెషీను ముందు కూర్చుని ఒక కోటుకు చేతులు అతుకుతున్నాడు. ముందుగదే దుకాణం, వెనక గదే ఇల్లు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడే విద్య ఆయనకే చెల్లింది.

"ముఖం అలా ఉందేం?" అన్నాడు సూదుల మధ్యనుంచి.

ఆమె చెప్పింది. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఏడుపొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. ఆయన మెషీను ఆపలేదు, సగం వింటూ సగం కుడుతూ ఉన్నాడు.

"ఒక్క సంతకమేగా, పెట్టి పారెయ్. పీడ వదిలిపోతుంది. ఆ ఉరుముతో నీకెందుకు?"

"ఏమండీ, మీరు కుట్టిన కోటు చెయ్యి పొట్టిగా వచ్చిందని ఎవడో వచ్చి అంటాడు. మీరు కొలిచింది సరిగ్గానే ఉంది, కత్తిరించింది సరిగ్గానే ఉంది. తప్పు నాదేనని రాసిస్తారా?"

మెషీను ఆగింది. ఆయన నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చాడు. ఆయనకు అంత మర్యాద ఎప్పుడో గానీ రాదు.

"రాసివ్వను."

"మరేం చేస్తారు?"

"ఏం చేస్తాను, కోటు సరిగ్గా ఉంటే మనిషినే మళ్ళీ కొలుస్తాను. అయ్యా, ఇలా వచ్చి నిలబడండి అంటాను. ఒక భుజం కిందికి ఉన్నవాళ్ళు బోలెడుమంది. వాళ్ళకే తెలీదు ఆ సంగతి."

ఆమె చెయ్యి కడుక్కోవడానికి లేచి, మధ్యలోనే నిలబడిపోయింది. రెండు వారాలుగా డిష్ తప్పా, రంగు తప్పా, చెయ్యి తప్పా అని కొట్టుకుంటున్నారు అందరూ. తనూ అంతే. ఆ రక్తం ఇచ్చిన మనిషి సంగతి ఒక్కరైనా అడిగారా? ఆరోగ్యవంతుడని సీసా మీద రాసి ఉంది, అందుకే ఆరోగ్యవంతుడు.

బుధవారం మొదటిపేరు తనంతట తనే చీకటిగదిలోకి వచ్చింది. "సార్ ఇంకో పరీక్ష పెట్టమన్నారు," అంది ముఖం చూడకుండా. నాలుగు డిష్‌ల మీది నంబర్లకూ నల్ల టేపు అంటించేసింది. రంగూ అడ్రినలినూ తనే వేస్తుందట, కడగడం తనే కడుగుతుందట. పిపెట్టమ్మ ఏదీ ముట్టుకోకూడదు. చుక్కలు లెక్కపెట్టాలి, అంతే.

"గోడవెంట జార్చు," అంది ఆమె ఉండబట్టలేక.

"నాకు తెలుసక్కా," అని ఆ పిల్ల విసురుగా అంది. అని, గోడవెంటే జార్చింది.

రెండు గంటలు పట్టింది. మొదటి డిష్, రెండు. తర్వాతిది, నాలుగు. మూడోది, ముప్పై తొమ్మిది. నాలుగోది, రెండు. ఆమె బొత్తాం యంత్రాన్ని బల్ల మీద పెట్టి, "టేపు తియ్యి," అంది.

ఆ పిల్ల సీసాల మూతలు సర్దసాగింది.

"నువ్వే వేశావు, నువ్వే కడిగావు, నువ్వే మూశావు. నా చెయ్యి పడలేదు. టేపు తియ్యమ్మా."

టేపు ఆ పిల్ల గోటికి దొరకలేదు. రెండుసార్లు జారాక ఊడొచ్చింది. రెండో నంబరు. మొదటిపేరు ఆ అంకెను చూసి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"అక్కా, ప్లీజ్. ఎల్లుండే పంపాలి. ఇది పోతే నాకు ఇంకో నాలుగేళ్ళు. మీరు ఒక్క సంతకం పెడితే ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు. మీకైతే వ్యాసంలో పేరు కూడా ఉండదు కదా, మీకు పోయేదేముంది?"

చెంప పగలగొట్టాలనిపించింది ఆమెకు. అంత కోపం తన పిల్లల మీద కూడా ఎప్పుడూ రాలేదు.

"సార్‌కి ఇవాళ్టి లెక్క చెప్పు," అంది.

"చెబుతాను."

చెప్పింది. ఏం చెప్పిందంటే, టేపు మధ్యలో ఊడిపోయిందనీ, అక్క నంబరు చూసేసిందనీ చెప్పింది. ఆ సంగతి సాయంత్రం పెద్దాయన వరండాలో అందరి ముందూ ఆమెను నిలబెట్టి అరిచినప్పుడు తెలిసింది. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి సంతకం పెట్టిన కాగితం తన బల్ల మీద ఉండాలనీ, లేకపోతే సోమవారంనుంచి ఆమె చోటు కింది అంతస్తులో గాజుసామాను కడిగే గదిలో అనీ తీర్పు చెప్పాడు. "కడగడమైనా సరిగ్గా చేస్తావో లేదో," అన్నది పైన వేసిన ముగింపు. ఎవరో నవ్వారు. ఎవరో ఆమె చూడలేదు, చూస్తే జీవితాంతం గుర్తుంటుందని.

గురువారం పదింటికి ఆమె బీరువావిడ గదికి వెళ్ళింది. రక్తమిచ్చినవాళ్ళ ఫారాలున్న బీరువాకు కాపలా ఆవిడ. ఆరేళ్ళ కిందట ఫ్రీజర్లు మార్చినప్పుడు పాత నంబర్లన్నీ తీసేసి కొత్తవి ఇచ్చారు. ఏ నంబరు ఎవరిదో లాబ్‌లో ఇప్పుడెవరికీ తెలియదు, పెద్దాయనకు కూడా. తెలియకూడదనే అలా చేశారు. తెలిసేది ఆ బీరువాకే.

"తాళంచెవులు ఇస్తావా, నేనే తెరవాలా అని అడగడానికొచ్చినట్టుంది నీ వాలకం," అంది బీరువావిడ. "రెండూ కుదరవు. నా తాళంచెవులు నాతోపాటు స్నానానికి కూడా వస్తాయి."

"రూల్స్‌లో పన్నెండోది చదువు."

"నాకే రూల్స్ చెబుతున్నావా?" అంటూనే కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని చదివింది. రక్తమిచ్చిన మనిషికి ప్రాణాపాయం ఉందని పరీక్షలో అనుమానం వస్తే ఆ మనిషికి తెలియజేయాలి. అడిగినవారూ, తెరిచినవారూ ఇద్దరూ సంతకాలు చెయ్యాలి.

"ప్రాణాపాయమా?" అంది బీరువావిడ. గొంతులో వేళాకోళం పోయింది.

"నాలుగుసార్లు చూశాను. వాళ్ళు నేను తప్పు చేశానంటున్నారు. నేను తప్పు చెయ్యకపోతే ఆ మనిషి ఏ మెట్లెక్కుతూనో పడిపోతాడు. నా మీద కోపంతో అతన్ని చంపేస్తారా? నాకు సంతకం పెట్టడం ఇష్టం లేదన్నాను గానీ, ఎక్కడ పెట్టాలో అక్కడ పెడతాను. ఇటివ్వు."

ఇద్దరూ సంతకాలు చేశారు. బీరువావిడ రిజిస్టరులో వేలు పెట్టి కొత్త నంబరునుంచి పాత నంబరుకూ, పాత నంబరునుంచి అరకూ వెళ్ళి, పసుపు అట్ట ఉన్న కవరొకటి తీసింది. లోపల ఒకే కాగితం. పేరున్న చోట బీరువావిడ అరచెయ్యి అడ్డం పెట్టింది, అలవాటు కొద్దీ.

పేరు అక్కర్లేకపోయింది. ఆ రాత ఆమెకు తెలుసు. సెలవు చీటీల మీద, మెమోల మీద, సోమవారంనాటి కాగితం పైమూల తేదీ మీద చూసిన రాత. కాగితం చిరిగేలా నొక్కి రాసే చెయ్యి. ‘ఎప్పుడైనా స్పృహ తప్పారా?’ లేదు. ‘దగ్గరి కుటుంబంలో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా చనిపోయారా?’ లేదు. రెండు ‘లేదు’ల కిందా రెండేసి గీతలు.

"ఓరి దేవుడా," అంది బీరువావిడ. అరచెయ్యి పక్కకు తీసేసింది. "నాలుగో మనిషి దొరకట్లేదని తన రక్తమే ఇచ్చుకున్నాడన్నమాట!"

ఆమె ముందు నవ్వింది. దాచడమెందుకు, కడుపారా నవ్వింది. రెండు వారాలుగా తనను కుక్కను తిట్టినట్టు తిట్టిన మనిషి, నీ చెయ్యి తప్పు నీ కన్ను తప్పు అన్న మనిషి, తన గుండెనే డిష్‌లో పెట్టుకుని అది పాడైంది తీసెయ్యమంటున్నాడు. ఇంతకంటే ఇంకేం కావాలి! ఆ కాగితం నకలు చేతబట్టుకుని మెట్లెక్కుతుంటే ఒక్కో మెట్టుకూ ఒక్కో మాట సిద్ధమైంది. తిండి దండగ ఎవరండీ సార్? వయసైపోయింది నా చేతులకా, మీ గుండెకా? కడగడమైనా సరిగ్గా చేస్తానో లేదో చూస్తారా? వరండాలో అందరూ ఉండగా అనాలి. తలుపు తెరిచిపెట్టి అనాలి.

"పన్నెండన్నానా, పదకొండుకే దిగావేం?" తలుపు తోసీ తోయకముందే ఆయన లేచి నిలబడి అరిచాడు. "సంతకం పెట్టావా? ఏమిటా కాగితం? ఏ యూనియన్ వాళ్ళ దగ్గరికైనా వెళ్ళొచ్చావా? ఎవరి అండ చూసుకుని నీకీ పొగరు?"

ముఖం ఎర్రబడింది. మెడ మీద నరం పొంగింది, రోజూ పొంగేదే. రోజూ చూసిందే. ఇవాళ మాత్రం ఆమెకు ఆ నరం వెనక ఆకుపచ్చ పట్టీలు దగ్గరదగ్గరగా జరుగుతూ కనిపించాయి, మధ్యలో చుక్కలు. అడ్రినలిన్ వేసింది ఆమె కాదు, ఆయనే వేసుకుంటున్నాడు. నిమిషానికి నలభై ఒకటి.

మెట్ల మీద పోగేసుకున్న మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. ఒక్కటి అంటే చాలు, ఇంకో చుక్క పడుతుంది.

ఆమె వెనక్కి తిరిగి తలుపు వేసింది. కుర్చీని ఆయన వెనక్కి జరిపింది.

"కూర్చోండి సార్."

"నాకు చెప్పడానికి నువ్వెవరు?"

"ఎవరినైతేనేం. ముందు కూర్చోండి. మీరు కూర్చుంటే గానీ నేను మాట్లాడను."

ఆ గొంతులో ఏం వినిపించిందో, ఆయన కూర్చున్నాడు. ఆమె ఎదురుగా నిలబడి, కాగితాన్ని వెనక్కి పెట్టుకుని, ఎంత నెమ్మదిగా మాట్లాడగలదో అంత నెమ్మదిగా అడిగింది.

"సార్, మీకెప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోవడం జరిగిందా?"

"ఏం ప్రశ్న ఇది?" అన్నాడు. కానీ గొంతు పైకి లేవలేదు. "పోయినేడు మీటింగులో ఒకసారి. తిండి తినకుండా అరిచాను, అందుకని. అంతకుముందు ఒకసారి, బస్సు కోసం పరిగెత్తి... ఎందుకడుగుతున్నావు?"

ఆమె కాగితాన్ని బల్ల మీద పెట్టింది, తోయలేదు. ఆయన రాత ఆయనకు తెలియడానికి ఒక్క క్షణం పట్టలేదు. పైన బీరువావిడ రాసిన కొత్త నంబరు, రెండు. ఆ రోగం గురించి ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెప్పిన మనిషికి ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆయన కుడిచేతి రెండు వేళ్ళు వాటంతట అవే ఎడమ మణికట్టు మీదికి పోయి, నాడి వెతుక్కుని, అక్కడే ఉండిపోయాయి.

"గట్టిగా ఊపిరి పీల్చుకోకండి. మామూలుగా పీల్చండి," అంది.

తర్వాత ఆయన వేలు రెండో ‘లేదు’ మీదికి వెళ్ళింది.

"నా తమ్ముడు చెరువులో మునిగిపోయాడు. ఇరవై ఏళ్ళు వాడికి. మా అందరికంటే బాగా ఈదేవాడు. పోటీ పెట్టుకుని దూకాడు." ‘లేదు’ కింది గీతలను గోటితో గీకాడు. "నీళ్ళలో పోయాడు కదా, అది ప్రమాదం అనుకున్నాం. ఈ ఫారం నింపుతున్నప్పుడు ఇక్కడ నా చెయ్యి ఆగింది. నాకు గుర్తుంది, ఆగింది. కానీ ఆ సాయంత్రంలోగా నాలుగో మనిషి కావాలి. లేదు అని రాసేశాను."

ఆమెకు జాలి కలిగిందని చెబితే అబద్ధం. కొంత కలిగింది. అంతకంటే ఎక్కువ చిరాకు కలిగింది. పెద్ద చదువులు చదివిన మనిషి ఒక గీత మీద ఒక్క ముక్క నిజం రాయడానికి బద్ధకించి, ఆ తప్పును తెచ్చి తన నెత్తిన రుద్దాడు.

"నేను సంతకం పెట్టట్లేదు సార్. నా చెయ్యి తప్పు లేదని మీరు రాయండి. ఇప్పుడే," అంది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. రేపు మీరు ఆసుపత్రిలో ఉంటారు."

ఆ మాట అంత కఠినంగా ఉందని అన్నాక తెలిసింది. వెనక్కి తీసుకోలేదు. ఆయన కలం తీసి నాలుగో డిష్‌దాకా అన్ని లెక్కలూ సరైనవేననీ, రెండో నంబరును తీసివేయరాదనీ రాసి సంతకం పెట్టాడు. ఈసారి కాగితం చిరిగేలా నొక్కలేదు, అక్షరాలు తేలిపోయాయి. రాసి, పిల్లవాడిలా ఆమె ముఖంలోకి చూశాడు.

"మా అమ్మాయి... దానికి పదహారు. రోజూ సాయంత్రం పరుగు ప్రాక్టీసు. దానిక్కూడా డిష్ పెట్టి చూస్తావా? నువ్వే చూడాలి. ఇంకెవరి చేతా వద్దు."

"డిష్‌కి మూడు నెలలు పడుతుంది సార్. ఇవాళ సాయంత్రం అమ్మాయి పరిగెత్తకూడదు. ఇద్దరూ గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళండి, పరిగెత్తించి తీసే గుండె పరీక్ష వాళ్ళ దగ్గరే చెయ్యాలి, మందులున్నాయి. మీకు నేను చెప్పాలా?"

"చెప్పు," అన్నాడు ఆయన.

ఇంటికి ఫోను చేశాడు. ఇవాళ పరుగు లేదు, ఎందుకో తర్వాత చెబుతాను అని మాత్రం చెప్పి పెట్టేశాడు. తర్వాత ఆసుపత్రికి చేశాడు. అక్కడెవరో వచ్చే వారం రమ్మన్నట్టున్నారు. "నేనెవరో తెలుసా నీకు? వచ్చే వారమా? ఏమనుకుంటున్నావు, నేను..." గొంతు లేచింది, రోజూలాగే లేచింది, మెడ మీద నరం దానితోపాటు లేచింది.

ఆమె చెయ్యి చాచి ఆయన చేతిలోంచి ఫోను తీసేసుకుంది.

"గొంతు పెంచకండి సార్."

ఆయన నోరు మూసుకున్నాడు. పంతొమ్మిదేళ్ళుగా ఎన్నిసార్లు అనాలనుకుందో ఆ మాట. ఎన్ని రకాలుగా అనుకుందో. ఇవాళ అన్నాక, ఆయన విన్నాక, అందులో తనకు రావాల్సిన సంతోషం ఎక్కడా కనిపించలేదు. ఎదురుగా కుర్చీలో ఒక మనిషి నాడి పట్టుకుని కూర్చున్నాడు. అతన్ని తిట్టడానికి లేదు, క్షమించడానికి మనసు రావట్లేదు.

ఫోనులో ఎవరో అమ్మాయి "హలో, హలో," అంటోంది.

"ఇవాళే చూడాలమ్మా," అంది ఆమె. "యాభై నాలుగేళ్ళు, మగమనిషి. కణాల్లో కాల్షియం కారుతోంది. రెండుసార్లు స్పృహ తప్పాడు. తమ్ముడు ఇరవై ఏళ్ళకే పోయాడు."

ఆ అమ్మాయి గొంతు మారింది. కీబోర్డు టకటకలు వినిపించాయి.

"పేషెంటుకి మీరేమవుతారండీ?"

ఆమె ఆయన వైపు చూసింది. ఆయన కూడా జవాబు కోసమే చూస్తున్నాడు.

"ఏమీ కాను," అంది. "ఆయన గుండె చూసింది నేను. లెక్కలు చెబుతాను, రాసుకోండి."